తెల్లవారుజామున చెరువు మీదే ఉంటాను, ఏకాంత ప్రార్థన ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న (ఆకివీడు నుంచి)

అందరికీ వందనాలండి. రొయ్యల చెరువులు చూసుకుంటాను. అర్ధరాత్రి దాటాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేదాకా నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండాలి. అందువల్ల వేకువ ప్రార్థన కుదరట్లేదు. ఆదివారం ఆరాధనకి వెళ్తున్నాను, ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంది. అయినా దేవుడితో నాకంటూ మాటామంతీ లేదనిపిస్తోంది. బైబిల్ ఆదికాండం నుంచి మొదలుపెడితే ప్రతిసారీ లేవీయకాండంలో ఆగిపోతోంది. ప్రార్థనకి కూర్చుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు (నరసాపురం నుంచి)

వందనాలు బ్రదర్. వేళ గురించి దిగులు పెట్టుకోకండి. ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. లూకా 6:12లో రాత్రంతా కొండ మీద గడిపాడు, మత్తయి 14:23లో జనాన్ని పంపేశాక సాయంత్రం పూట ఒంటరిగా ఉన్నాడు. మీరు పొద్దున మేత వేసి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు దించాక, మళ్లీ వాటిని లేపి చూసేదాకా కొంత ఖాళీ ఉంటుంది కదా. అందులో 20 నిమిషాలు తీసుకోండి. రాత్రి కాపలాతో నిద్ర ముంచుకొస్తుంటే సాయంత్రం మేతకి ముందు పెట్టుకోండి. ఏ పూటైనా సరేగానీ రోజూ అదే పూట, అదే చోటు ఉండాలి. రోజుకో వేళ అనుకుంటే వారం తిరిగేసరికి ఆగిపోతుంది.

ఇక మాటలు అయిపోవడం. మనం ఏమీ వినకుండానే మాట్లాడటం మొదలుపెడతాం, అందుకే మనకి అలవాటైన నాలుగు ముక్కలే వస్తాయి. ముందు చదవండి, చదివినదానికి జవాబుగా ప్రార్థించండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. రోజుకి అధ్యాయం అని కూడా అనుకోవద్దు, ఒక్క సంఘటన చాలు.

ఉదాహరణకి 4:35-41, తుపాను ఘట్టం. ఒకసారి మనసులో, రెండోసారి పైకి చదవండి. ఏరియేటర్ల చప్పుడులో ఎవరికీ వినబడదు. మేం మునిగిపోతుంటే నీకు పట్టదా అని శిష్యులు ఆయన్ని నిలదీస్తారు. అక్కడ ఆగండి. వైట్ స్పాట్ తెగులు వస్తుందేమో, రొయ్యలు పట్టే పట్టుబడి నాటికి రేటు పడిపోతుందేమో అని లోపల ఉన్న భయాన్ని వాళ్ల ప్రశ్నతోనే ఆయన ముందు పెట్టండి. తర్వాత ఆయన వాళ్లని అడిగింది చూడండి: ఎందుకు భయపడుతున్నారు అని. దానికి మీ జవాబు నిజాయితీగా చెప్పండి. నమ్మలేకపోతుంటే నమ్మలేకపోతున్నానని చెప్పండి. కుటుంబం, సంఘం, రోగులు, అప్పులు, ఈ విన్నపాలన్నీ ఆ తర్వాత. విన్నపాలతోనే మొదలుపెడితే సమయమంతా అవే తినేస్తాయి.

ఇంకొకటి. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాల పనితో మా వైపు మొదలైన సహవాసాల్లో, రొట్టె విరిచే (ప్రభువు బల్ల) ఆరాధనలో సహోదరులు ఎవరైనా లేచి స్తుతి చెల్లించవచ్చు. వారమంతా వాక్యం ముట్టనివాళ్లు అక్కడ పోయినవారం మాటలే మళ్లీ అంటారు. మీ ఇబ్బంది చాలామందిదే.

జవాబు (రాజోలు నుంచి)

బ్రదర్ చెప్పినదానికి కొంచెం కలుపుతానండి. ఆ 20 నిమిషాలు అచ్చు బైబిలే వాడండి. ఫోన్‌లో చదువుతుంటే మేత కంపెనీ మెసేజ్ ఒక్కటి వస్తే చాలు, ధ్యాస పోతుంది. పొద్దున వాట్సాప్‌లో వచ్చే వాగ్దాన వచనంతో సరిపెట్టుకోవద్దు. అందరూ పంపుకునే యిర్మీయా 29:11 బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. అది చదివితే ఆ వాగ్దానం ఇంకా బరువుగా కనిపిస్తుంది.

చిన్న నోట్‌బుక్‌లో తేదీ, వచనం, దేవుడికి మీరిచ్చిన జవాబు ఒక్క వాక్యంలో రాయండి. పట్టుబడి రోజుల్లో తప్పిపోతే బకాయి తీర్చాలని చూడొద్దు, ఆ రోజు భాగంతోనే మొదలెట్టండి. బకాయి పేరుకుపోయే చాలామంది మానేస్తారు.

ఏమీ అనిపించని రోజులు వస్తాయి. అప్పుడు కీర్తన 13 గానీ 88 గానీ తీసి మీ మాటగా చదవండి. 88 చివరిదాకా చీకటిలోనే ఉంటుంది, అయినా అది ప్రార్థనే. గట్టు దగ్గరో బోదె దగ్గరో అన్నదమ్ములతో తగాదా ఉంటే మాత్రం మత్తయి 5:23-24 ప్రకారం ముందు వెళ్లి మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలండి. మరి లేవీయకాండం వదిలెయ్యాలా?

జవాబు (నరసాపురం నుంచి)

వద్దు బ్రదర్. మార్కు అయ్యాక నిర్గమకాండం చదివి అప్పుడు రండి. మందిరం ఎలా కట్టారో తెలియకుండా బలుల లెక్కలు అర్థం కావు. 16వ అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం, చదివిన రోజే హెబ్రీయులకు 9 కూడా చదవండి. ఆ పూట 20 నిమిషాలు చాలవు, సెలవు చూసుకోండి.