మా ఇంట్ల గోర్‌బోలి (మా లంబాడోళ్ల భాష) నాయనమ్మ దగ్గరే ఆగేటట్టుంది, ఎట్ల రికార్డు చెయ్యాలె?

దేవరకొండ తండా బిడ్డ:
చిలీ దేశం దక్షిణపు కొసకు నవారినో దీవి ఉంది. ఆడుండే క్రిస్టినా కాల్డెరోన్ అనే పెద్దామె 2022 ఫిబ్రవరిల పోయింది, 93 ఏండ్లు. చిన్నప్పట్నుంచి యాగన్ భాష (ఆడి ఆదివాసులది) మాట్లాడిన ఆఖరి మనిషి ఆమెనే. అది చదివినప్పట్నుంచి మనసు మనసుల లేదు. నాయనమ్మ ఫోన్ల గోర్‌బోలిల అడిగితే నా బిడ్డ తెలుగుల జవాబిస్తది. నాయనమ్మ మాటలన్నీ రాసి డిక్షనరీ చేద్దామనుకుంటున్న. మన బోలికి సొంత లిపి లేదాయె, తెలుగుల రాస్తే నడుస్తదా?

అచ్చంపేట సారు:
తెలుగుల రాయి, ఏం కాదు. కని డిక్షనరీ మీదనే భారం వెయ్యకు తమ్మీ. థామస్ బ్రిడ్జెస్ అనే మిషనరీ 19వ శతాబ్దంలనే 32 వేల దాక యాగన్ మాటలు కూడవెట్టిండు. 1933ల అచ్చయినయి. ఆయన రాస్తున్న కాలంలనే మాట్లాడేటోళ్లు రాలిపోయిండ్రు. 1880లల తట్టు సోకి ఎందరో పోయిండ్రు. సీల్ అనే సముద్ర జంతువులు, తిమింగలాల వేటకొచ్చిన ఓడలు వాళ్ల తిండి ఊడ్చుకపోయినయి. పడవలనే నిప్పు రాజేసుకొని సముద్రం మీద బతికిన జనం వాళ్లు.

నాకు కడుపుల దేవినట్టయిన సంగతి వేరే. క్రిస్టినా, ఎమెలిండా అకునా వదిన మరదండ్లు. 2005ల ఎమెలిండా పోయింది. తనలెక్క పుట్టుకతోని ఆ భాష వచ్చినోళ్లు మళ్ల క్రిస్టినాకు దొరకలే. మనుమరాలితోని కూసొని మాటలు, కథలు పుస్తకాలకెక్కించింది, అది గొప్ప పనే. కని ఎదురు జవాబిచ్చే ఈడు మనిషి లేకపాయె.

అందుకే నాయనమ్మను ఒక్కదాన్నే కూసోబెట్టి "నీళ్లనేమంటరు, చెట్టునేమంటరు" అని అడగకు. ఆమె ఈడు మనిషిని ఇంకొకరిని తోలుకరా. కాంచళికి (మన ఆడోళ్లు తొడుక్కునే అద్దాల రైకకు) అద్దాలు ఎట్ల కుడ్తరో ఇద్దరిని చెప్పుకోనియ్యి. ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తరు, కొట్లాడ్తరు, నవ్వుతరు. భాష ఆడుంటది. నువ్వు నడుమ మాట్లాడకు.

నాగర్‌కర్నూల్ అక్క:
సారు చెప్పింది నిజం. ఒక్కటి కలుపుత. క్రిస్టినాను "ఆఖరి యాగన్" అని పేపర్లు రాసినయి, అది తప్పు. జాతి ఉంది. ఆమె బిడ్డ లిడియా గొంజాలెస్ 2021ల చిలీ రాజ్యాంగ సభల యాగన్ల తరఫున కూసుంది. మీ బిడ్డను గుడ రికార్డింగు కాడ ఉండనియ్యున్రి. తీజ్ పండుగకు తోలుకపోయి, గోధుమ నారుకు నీళ్లు పోసేటప్పటి పాటలు పక్కన నిలబడి పాడనియ్యున్రి.

దేవరకొండ తండా బిడ్డ:
నాయనమ్మ చెల్లె పక్క తండాలనే ఉంటది. తీజ్‌కు ఇద్దర్ని ఒక్కకాడ కూసోబెడ్త. మాది రేకుల ఇల్లు, శ్రావణంల వాన పడ్తే ఒకటే చప్పుడు. ఫోన్ యాడ పెట్టాలె సారూ? చీరెకు పెట్టుకునే చిన్న మైకు తేవాల్నా?