కనుబొమల మధ్య బొటాక్స్: సెలైన్ ఎంత కలుపుతున్నారు?

చర్మవైద్యంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. కనుబొమల మధ్య నిలువు గీతలకు బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్ మందు) మామూలుగా 20 యూనిట్లు: 5 చోట్ల, చోటుకు 4. వంద యూనిట్ల వయల్‌లో 2.5 మి.లీ. సెలైన్ కలిపితే 0.1 మి.లీ.కి సరిగ్గా 4 యూనిట్లు వస్తాయి, లెక్క తేలిక. అదే 1 మి.లీ.లో కలిపితే చోటుకు 0.04 మి.లీ. చాలు, మందు పక్కకు తక్కువ పాకుతుందంటారు. కనుబొమలు బాగా కిందికి ఉన్నవాళ్లలో ఈ తేడా మీకు నిజంగా కనిపిస్తోందా?

భయమంతా పై రెప్ప వాలడం గురించే. మందు కిందికి దిగి రెప్పనెత్తే కండరాన్ని తాకితే వారాల తరబడి కన్ను బరువుగా వాలిపోయి ఉంటుంది, దానికి విరుగుడు మందు లేదు. అప్రాక్లోనిడిన్ 0.5% కంటి చుక్కలు వేస్తే రెప్ప ఒకటి రెండు మి.మీ. లేస్తుంది, అంతే. అందుకే పక్కల గుచ్చే చోట్లు కంటిపై ఎముక అంచుకు కనీసం 1 సెం.మీ. ఎగువన ఉండాలి. అదీ ఎముకను తడిమి చూసి. కనుబొమ వెంట్రుకలను నమ్మడానికి లేదు, చాలామంది తీర్చిదిద్దించుకుని వస్తారు.

గుచ్చేటప్పుడు బొటనవేలితో ఆ అంచును నొక్కి పట్టుకుంటున్నారా? సూది లోతు ఎక్కడ ఎంత? ఇదే తరహా మందు డిస్‌పోర్ట్ యూనిట్లు వేరు కాబట్టి, ఏ మందు వాడారో కూడా రాయండి.