"అప్ విత్ విచ్": ఆ "అప్" ఎవరి మనిషి?

సందేహాలరావు:
చర్చిల్ పేరు మీద తిరిగే వాక్యం ఒకటి సగమే గుర్తుంది. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని ఎవరో పట్టుబడితే "... అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్" అని పక్కన గిలికాడంటారే, అది ("పుటప్ విత్" అంటే భరించడం). దాని ముందు మాట ఏమిటి? ఒకచోట "నాన్సెన్స్", ఇంకోచోట "ఇంగ్లీష్", మరోచోట "పెడంట్రీ" కనబడుతున్నాయి. అసలు పాఠం ఏది?

పాతపుస్తకాలు:
అసలు పాఠం తేలాలంటే ముందు అసలు కర్త తేలాలండీ. 1948లో గవర్స్ రాసిన "ప్లెయిన్ వర్డ్స్"లో "ద సార్ట్ ఆఫ్ ఇంగ్లీష్" అని ఉంది. అదైనా చర్చిల్ అన్నాడట అనే. 1942లోనే స్ట్రాండ్ పత్రిక నుంచి ఎత్తిరాసిన ముక్కలో ఇదే చమత్కారం ఉంది. అక్కడ చర్చిల్ లేడు, పేరులేని ప్రభుత్వోద్యోగి ఒకడున్నాడు, మాట "అఫెన్సివ్ ఇంపర్టినెన్స్". మన చాటువులన్నీ తెనాలి రామకృష్ణుడి ఖాతాలో పడ్డట్టు వాళ్ళవన్నీ చర్చిల్ ఖాతాలో పడతాయి.

వ్యాకరణప్రియ:
కర్త ఎవరైనా చమత్కారంలో మోసం ఉంది. "పుటప్ విత్"లో రెండు ముక్కలూ ఒక జాతివి కావు. "విత్" ప్రిపొజిషన్. "అప్" మాత్రం క్రియకు అంటుకున్న పార్టికిల్. ముందుకు జరిపే వీలున్నది "విత్" ఒక్కదానికే: "విత్ విచ్ ఐ విల్ నాట్ పుటప్". కాస్త బిగుసుకున్నట్టుంటుంది గానీ తప్పేమీ లేదు. "అప్"ను కూడా ఈడ్చుకొస్తేనే నవ్వొస్తుంది. కాబట్టి ఆ నియమం పిచ్చిదనడానికి ఈ వాక్యం సాక్ష్యం కాదు.

పాతపుస్తకాలు:
నియమం పిచ్చిదే లెండి, సాక్ష్యం వేరే ఉంది. 1672లో ఇంగ్లీషు కవి డ్రైడెన్ పనిగట్టుకుని తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో చివరి ప్రిపొజిషన్లను తప్పుపట్టాడు. 1668లో తాను అచ్చేసుకున్న వ్యాసాన్ని 1684లో మళ్ళీ వేసేటప్పుడు తన వాక్యాలనే తిరగేసి దిద్దుకున్నాడు. వాక్యం ప్రిపొజిషన్‌తో ముగియని లాటిన్ మీద మోజు.

గోదారిగట్టు:
డ్రైడెన్‌ను తర్వాత చూద్దాం. "అప్" ప్రిపొజిషన్ కాదని తేల్చేశారా మేడమ్? "జాక్ అండ్ జిల్ వెంట్ అప్ ద హిల్"లో ఉన్నదేమిటి మరి?

వ్యాకరణప్రియ:
అక్కడ ప్రిపొజిషనే. మాట ఒకటే, ఉద్యోగాలు రెండు. నామవాచకం తీసి సర్వనామం పెట్టండి, బయటపడుతుంది. "రన్ అప్ ఎ హిల్" అంటే కొండెక్కి పరుగెత్తడం: "రన్ అప్ ఇట్". "రన్ అప్ ఎ బిల్" అంటే బాకీ పెంచడం: "రన్ ఇట్ అప్". కొండకైతే "ఇట్" చివర, బిల్లుకైతే మధ్యలో.

పార్టికిల్ ఉన్న సకర్మక క్రియకు నామవాచకం ఎటైనా చెల్లుతుంది: "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్", "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్". సర్వనామం వచ్చిందంటే "టర్న్ ఇట్ ఆఫ్" ఒక్కటే. మనవాళ్ళు "టర్న్ ఆఫ్ ఇట్", "పికప్ హిమ్" అనేది ఇక్కడే. తెలుగులో "పికప్ చేసుకో" అని ముద్దగా వాడేస్తాం కదా, ఆ ముద్దను విడదీయాలని తోచదు.

పాతపుస్తకాలు:
సర్వనామ పరీక్షకు చిన్న మినహాయింపు. ఒకరిని కాదని ఇంకొకరిని ఒత్తి చెప్పేటప్పుడు "పికప్ హిమ్, నాట్ హర్" అనేవాళ్ళున్నారు. అందుకే ఇంకో రెండు పరీక్షలు చేతిలో ఉంచుకోవాలి. ఒకటి ఊనిక. "టర్న్ ఇట్ ఆఫ్"లో బలం "ఆఫ్" మీద పడుతుంది. "లుక్ ఎట్ ఇట్"లో "లుక్" మీద పడి, "ఎట్"ను దాదాపు మింగేస్తారు, "లుకటిట్" అన్నట్టు. మనం మూడింటినీ సమానంగా పలుకుతాం కాబట్టి ఈ తేడా చెవికి ఎక్కదు. రెండోది, మధ్యలో క్రియావిశేషణం దూర్చడం. "లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్" నిలబడుతుంది. "టర్న్ క్విక్లీ ఆఫ్ ద ఫ్యాన్" కూలిపోతుంది.

నల్లమల:
చోటు మారితే అర్థమే మారిపోయే జతలు వదిలేశారేం? "సీ త్రూ హిమ్" అంటే వాడి నాటకం కనిపెట్టడం, "సీ హిమ్ త్రూ" అంటే గట్టెక్కేదాకా తోడుండడం. "గెట్ ఓవర్ ఇట్" తేరుకోవడం, "గెట్ ఇట్ ఓవర్ విత్" ఆ పనేదో కానిచ్చేయడం. "టర్న్ ఆన్ హిమ్" ఎదురుతిరగడం. "టర్న్ హిమ్ ఆన్" సంగతి వద్దు, గ్రూపులో పెద్దలున్నారు.

నా సిద్ధాంతం ఏమిటంటే ఈ "అప్" మన "వేయు", "పోవు"లకు సాటి. "ఈట్ అప్" తినేయ్, "యూజ్ అప్" వాడేయ్, "గివ్ అప్" వదిలేయ్, "డ్రై అప్" ఎండిపో. సకర్మకమైతే వేయు, అకర్మకమైతే పోవు. అంతే.

గోదారిగట్టు:
అంతేనా? "లుక్ ఇట్ అప్"కి "చూసేయ్" అంటే నిఘంటువు తీస్తారా ఎవరైనా? "గెట్ అప్" అకర్మకమే కదా, మీ లెక్కన "లేచిపో" అని చెప్తే ఇళ్ళల్లో గొడవలవుతాయి. పైగా "తినేయ్" మధ్యలో పూచికపుల్ల కూడా దూరదు. "చేసిపెట్టు" అయితే "చేసైనా పెట్టు" అని చీల్చొచ్చు.

నల్లమల:
పాఱవైచు "పారేయ్"గా ముద్దయ్యాక చీలడం మానేసింది. "చేసిపెట్టు" ఇంకా ముద్ద కాలేదు. ఇంగ్లీషు "అప్" కూడా ముద్ద కాలేదు, అందుకే "ఇట్" దూరుతోంది. సిద్ధాంతం నిలబడే ఉందండీ.

సందేహాలరావు:
అయ్యా, "నాన్సెన్స్" ఉన్న పాఠం ఎక్కడిదో ఎవరైనా...

పద్యపక్షం:
మీరంతా "అప్" పట్టుకుని వేలాడుతున్నారు. అసలు జబ్బు "టు" దగ్గర. "ఎక్స్‌ప్లెయిన్ మీ", "సజెస్ట్ మీ" ఎక్కడినుంచి వచ్చాయి? "సిరికిం జెప్పడు" అని పోతన "కి" పెట్టి చెప్పాక కూడా తెలుగువాడు విభక్తి మింగేస్తాడా?

వ్యాకరణప్రియ:
మింగడు మాస్టారూ, అది "మీ"లోనే ఉందనుకుంటాడు. మొదట నేర్చేది "గివ్ మీ", "టెల్ మీ". అంటే నాకు ఇవ్వు, నాకు చెప్పు. ఆ లెక్కన "మీ" అంటే "నాకు" అని స్థిరపడిపోతుంది. "ఎక్స్‌ప్లెయిన్ మీ" అన్నప్పుడు "నాకు" చెప్పేశాననే నమ్మకం. నిజానికి గివ్, టెల్, షో, సెండ్, టీచ్ లాంటివి "మీ"ని నేరుగా పుచ్చుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, సే పుచ్చుకోవు, "టు మీ" కావాలి. లాటిన్ నుంచి వచ్చిన వాటికే "టు" అని కొందరు చెబుతారు. "ప్రామిస్ మీ" ఆ సూత్రాన్ని చెడగొడుతుంది, "సే" ఇటునుంచి చెడగొడుతుంది. కాబట్టి క్రియతో పాటు చట్రాన్నీ బట్టీ పట్టాల్సిందే.

అక్కర్లేని చోట తగిలించే జబ్బూ ఉంది. "డిస్కస్ అబౌట్ ఇట్" మన "దాని గురించి" నుంచి దిగింది. "కోప్ అప్ విత్"కి మాత్రం తెలుగును తిట్టక్కర్లేదు. "కీప్ అప్ విత్", "పుటప్ విత్"ల పక్కన కూర్చుని ఆ "అప్" అంటించుకుంది. "కోప్ విత్ ఇట్" చాలు.

గోదారిగట్టు:
పద్యపక్షం గారూ, పోతన పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. "శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే / పరివారంబును జీరడు". పాదం చివర ఆ "ఏ" ఎవరి మనిషి? "సంధింపడే!" అని వెనక్కి పోతుందా, "ఏ పరివారంబును" అని ముందుకు వస్తుందా?

పద్యపక్షం:
ముందుకే. "సంధింపడు, ఏ పరివారంబును జీరడు". మత్తేభానికి ఇరవయ్యో అక్షరం గురువు కావాలి, అందుకని సంధి చేసి పాదం అంచున వదిలాడు. చదివేటప్పుడు "డే" దగ్గర ఆగిపోయేవాళ్ళకి అది దెప్పుతున్నట్టు వినబడుతుంది.

నల్లమల:
వినబడటం తప్పా? సిరికిం జెప్పడు, శంఖచక్రాలు కూడా పట్టడే అని ఆశ్చర్యం. నాకైతే వెనక్కే బాగుంది.

వ్యాకరణప్రియ:
"ఏ" ముందుకు వస్తే "ను" సంగతి కూడా చూడాలి. ఇప్పుడు మనం "ఏ పరివారాన్నీ పిలవడు" అంటాం. అందులో ద్వితీయా ఉంది, చివర దీర్ఘమూ ఉంది. పోతన "ను" ఒక్కటే రెండు పనులూ చేస్తోందా, లేక అది "కూడా" అని చెప్పే ఉత్త సముచ్చయమా?

పద్యపక్షం:
సముచ్చయమే. జడానికి, అంటే ప్రాణంలేని వాటికి, ద్వితీయ బదులు ప్రథమ చెల్లుతుంది కదా. "పరివారంబు" ప్రథమలోనే ఉంది, పైన "ను" చేరింది.

గోదారిగట్టు:
పరివారం జడమా! విష్ణువు సేనాపతి విష్వక్సేనుడు వినాలి ఈ మాట.