ఆర్‌బీఐ 8.05 బాండ్లు జూన్ 30 లోపు కొనాలా, జూలై దాకా ఆగాలా?

అనంతపురం పొదుపరి, 2025 జూన్ 11

మా నాయన మే నెలాఖరుకు జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరయ్యారు. వయసు 62, అమ్మకు 58. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) అన్నీ కలిపి 42 లక్షలు ఇప్పుడు స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి. పెన్షన్ నెలకు 45 వేల దాకా వస్తుంది.

జూన్ 6న రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీది వడ్డీ) ఒకేసారి అర శాతం తగ్గి 5.5కు వచ్చింది. ఎఫ్‌డీ రేట్లు కూడా దిగుతున్నాయి. ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేటు బాండ్లకు 8.05 శాతం ఇస్తున్నారు, జూలై 1న మారుస్తారట, అందుకని ఈ నెలలోనే మొత్తం పెట్టేయమని కొందరి మాట. కొత్త రేటు తెలిశాకే కొనమని ఇంకొందరు. హెడ్ పోస్టాఫీసులో అడిగితే ఆ బాండ్లు తమ దగ్గర ఉండవన్నారు. రెండు మూడేళ్లలో చెల్లెలి పెళ్లికి 10 లక్షల దాకా కావాల్సి వస్తుంది. దేంట్లో ఎంత, ఎప్పుడు పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

తుంగభద్ర గట్టు, కర్నూలు, జూన్ 11

బాండ్ల వరకైతే జూన్ 30 అసలు గడువే కాదన్నా. ఏడేళ్ల గడువున్న ఈ బాండు వడ్డీ అంటే నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ వడ్డీకి 0.35 కలిపిన రేటు. ఎన్ఎస్సీ ఇప్పుడు 7.7, కాబట్టి బాండుకు 8.05. ఏటా జనవరి 1న, జూలై 1న ఈ లెక్క మళ్లీ వేస్తారు. వేసినప్పుడు పాత బాండుకూ కొత్త బాండుకూ వర్తించేది ఒకే రేటు. 2020 జూలైలో 7.15కు కొన్నవాళ్లకు ఈరోజు 8.05 పడుతోంది. మీరు జూన్ 29న కొన్నా మీ 8.05 జూన్ 30 దాకానే, ఆ తర్వాత అందరితో పాటే. ఈ నెలలో కొంటే 8.05 ఏడేళ్లు ఖాయమని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఆగడం వల్లా లాభం లేదు. ఉదాహరణకు 8 లక్షల మీద 8.05 అంటే రోజుకు 176 రూపాయలు. సేవింగ్స్‌లో రెండున్నర శాతం అనుకుంటే రోజుకు 55. మీరు ఆగిన ప్రతి రోజుకూ ఆ తేడా, 120 రూపాయలు, పోయినట్టే. తీసుకోవాలని తేల్చుకున్న రోజే తీసుకోండి.

తొందర పడాల్సింది ఇంకోదాని దగ్గర, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో. అక్కడ ఇప్పుడు 8.2 శాతం. ఖాతా తెరిచిన రోజున్న రేటు ఐదేళ్లూ మారదు. చిన్న పొదుపు రేట్లను ప్రభుత్వం మూడు నెలలకోసారి, మామూలుగా త్రైమాసికం చివరి రోజున ప్రకటిస్తుంది. 2020 మార్చి 31న ఈ స్కీమ్ రేటును 8.6 నుంచి 7.4కు ఒక్క దెబ్బతో దించారు. అప్పటి పరిమితి 15 లక్షలు. ఆ మొత్తానికి ఏడాదికి 18 వేలు, ఐదేళ్లకు 90 వేల తేడా. మరుసటి ఏడాది మార్చి 31న మళ్లీ 6.5 చేస్తున్నామని ప్రకటించి, ఏప్రిల్ 1 పొద్దున్నే పొరపాటున వచ్చిందంటూ వెనక్కి తీసుకున్నారు. ముందే ఊహించే పని కాదిది. 8.2 చేతికి అందుతున్నప్పుడు పట్టుకోవడమే.

మీ నాయనకు పరిమితి 30 లక్షలు. ముందు అది నింపండి, బాండ్ల సంగతి ఆ తర్వాత. అమ్మకు 58 కాబట్టి ఈ స్కీమ్‌లో సొంత ఖాతా కుదరదు. ఆమె పేరున బాండ్లు కొనొచ్చు గానీ డబ్బు నాయనదైతే ఆ వడ్డీ నాయన ఆదాయంలోనే కలుస్తుంది. పన్ను తగ్గదు.

కడప లెక్కలు, జూన్ 12

పైన చెప్పింది సరే. పెళ్లి ఖర్చు ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. 30 లక్షలూ ఒకే ఖాతాలో వేయొద్దు. ఈ స్కీమ్‌లో మధ్యలో కొంత తీయడమనేది లేదు, తీస్తే ఖాతా మొత్తం మూయాలి. పరిమితి దాటకుండా ఎన్ని ఖాతాలైనా తెరవొచ్చు. పదేసి లక్షలకు మూడు తెరవండి. మూడు నెలలకోసారి ఒక్కో ఖాతాకు 20,500, మొత్తం 61,500 వస్తుంది.

ముందే మూస్తే కోత ఇలా ఉంటుంది: ఏడాది లోపైతే వడ్డీ ఏమీ రాదు, ఇచ్చింది కూడా అసల్లోంచి పట్టుకుంటారు. ఏడాది దాటి రెండేళ్ల లోపు అసలు మీద 1.5 శాతం, రెండేళ్లు దాటాక 1 శాతం. పెళ్లి రెండేళ్ల తర్వాతే అయితే ఒక ఖాతా మూసినందుకు 10 వేలు పోతుంది. ఏడాదికి సుమారు అర శాతం తగ్గినట్టు, 7.7 మిగులుతుంది. ఇప్పటి ఎఫ్‌డీ కన్నా అదే మేలు. ఏడాది లోపే పెళ్లి కుదిరేలా ఉంటే మాత్రం ఆ 10 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి.

పెళ్లి డబ్బు బాండ్లలో అస్సలు పెట్టొద్దు. ఏడేళ్ల దాకా కదలదు. 60 దాటినవాళ్లకు సడలింపు ఉంది గానీ 60 నుంచి 70 మధ్య వయసైతే ఆరేళ్ల తర్వాత, 70 నుంచి 80 మధ్య ఐదేళ్ల తర్వాత, 80 దాటితే నాలుగేళ్ల తర్వాత. అప్పుడు కూడా చివరి ఆరు నెలల వడ్డీలో సగం కోసి, జనవరి 1నో జూలై 1నో ఇస్తారు. మీ నాయన విషయంలో ఈ సడలింపు ఒక్క ఏడాదికే పనికొస్తుంది. ఉమ్మడిగా కొంటే ఇద్దరిలో ఒకరి వయసు సరిపోయినా చాలు. ఈ బాండు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోలేరు, ఇంకొకరికి అమ్మలేరు కూడా. ఎన్ఎస్సీ అయితే తాకట్టుకు పనికొస్తుంది.

వడ్డీ ఆరు నెలలకోసారి ఖాతాలో పడాల్సిందే, పోగేసి చివర్లో ఇచ్చే రకం ఇందులో లేదు.

అనంతపురం పొదుపరి, జూన్ 12

ఇద్దరికీ థాంక్స్. రెపో ఇంకా తగ్గితే బాండు వడ్డీ కూడా పడిపోతుంది కదా? దానికన్నా పదేళ్ల ప్రభుత్వ సెక్యూరిటీ (ప్రభుత్వ అప్పు పత్రం) కొని ఒకే రేటు పట్టుకోవడం మంచిదంటున్నారు ఒకాయన. ఇంకోటి, నాయనకు గ్రామీణ బ్యాంకులో కూడా ఖాతా ఉంది, బాండ్లు అక్కడ తీసుకోవచ్చా?

తుంగభద్ర గట్టు, జూన్ 13

కొత్తగా వచ్చిన 2035 సెక్యూరిటీ కూపన్, అంటే ఏటా ఇచ్చే స్థిర వడ్డీ, 6.33 శాతం. దానికన్నా బాండు వడ్డీ తక్కువ కావాలంటే ఎన్ఎస్సీ 6 శాతం కిందికి దిగాలి. 2020 మే నుంచి రెండేళ్ల పాటు రెపో 4 శాతంలో ఉన్నప్పుడు కూడా ఎన్ఎస్సీ 6.8 దగ్గరే ఆగింది. చిన్న పొదుపు రేట్లకూ రెపోకూ నేరుగా ముడి లేదు. సెక్యూరిటీల రాబడిని చూసి లెక్కగట్టే సూత్రం ఉంది గానీ దాన్ని ప్రభుత్వం ప్రతిసారీ పాటించదు. ఇకముందు దిగదని నేననను. ఏడేళ్ల సగటు 6.33 కన్నా తక్కువవుతుందని మాత్రం పందెం కాయను. సెక్యూరిటీని మధ్యలో అమ్ముకోవచ్చు, ఆ సౌకర్యం నిజమే, కానీ ఆ రోజు మార్కెట్ ధర ఎంతుంటే అంతే చేతికొస్తుంది. రిటైరైన మనిషికి ఆ బెంగ ఎందుకు?

గ్రామీణ బ్యాంకులో ఈ బాండ్లు దొరకవు. స్టేట్ బ్యాంకు, ఇతర జాతీయ బ్యాంకులు, ఐడీబీఐ, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, యాక్సిస్ బ్యాంకులు, లేదంటే ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ పోర్టల్. కనీసం వెయ్యి, ఆపైన వెయ్యి చొప్పున ఎంతైనా. నగదు 20 వేల దాకానే తీసుకుంటారు. వడ్డీ గ్రామీణ బ్యాంకు ఖాతాలో పడాలంటే, మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి కాబట్టి చెక్కు మీది ఐఎఫ్ఎస్సీ కోడ్ ఇంకా చెల్లుతుందో లేదో బ్రాంచిలో అడిగి రాయండి. అంకె తప్పు పడితే వడ్డీ వెనక్కి పోతుంది.

పెన్నా తీరం, జూన్ 14

తేదీల దగ్గర చాలామంది బోల్తా పడతారు. చెక్కు ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, డబ్బు జమ అయిన రోజే వస్తుంది. ఈ నెల 28 నాలుగో శనివారం, 29 ఆదివారం. 27న పోస్టాఫీసులో స్టేట్ బ్యాంకు చెక్కు ఇస్తే అది సోమవారం 30న క్లియర్ కావచ్చు, జూలై 1 కూడా కావచ్చు. జూలై 1 అయితే రేటు కొత్తదే. ఒక్క రోజు కోసం ఐదేళ్ల రేటు పోగొట్టుకోవద్దు.

మీ డబ్బు స్టేట్ బ్యాంకులోనే ఉంది కాబట్టి ఈ స్కీమ్ ఖాతా అక్కడే తెరవండి, అదే రోజు బదిలీ అయిపోతుంది. పోస్టాఫీసే కావాలంటే ముందు అక్కడ సేవింగ్స్ ఖాతా తీసి, దానిలోకి ఆర్‌టీజీఎస్ చేసి, అందులోంచి మళ్లించండి. ఆధార్, పాన్, రెండు ఫోటోలు, నామినీ వివరాలు పట్టుకెళ్లండి. 20వ తేదీకే ముగించండి, నెలాఖరు రద్దీలో సర్వర్ మొరాయిస్తే అడిగే దిక్కుండదు. వడ్డీ సేవింగ్స్ ఖాతాలోకి ఆటోమేటిక్‌గా పోయేలా రాసివ్వండి. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద వడ్డీ రాదు.

టీడీఎస్ (వడ్డీ ఇచ్చేముందే పట్టుకునే పన్ను) మాట ఎవరూ ఎత్తలేదు. బాండ్ల మీద 2024 అక్టోబర్ 1 నుంచి ఏడాది వడ్డీ 10 వేలు దాటితే 10 శాతం పడుతున్నారు, సీనియర్లకు వేరే పరిమితి లేదు. 8 లక్షలకు ఆరు నెలల వడ్డీ 32,200, అందులో 3,220 కోత. సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో సీనియర్లకు ఈ ఏప్రిల్ నుంచి లక్ష దాటితేనే. మీ నాయన పెన్షన్, వడ్డీలు కలిపినా ఎనిమిదిన్నర లక్షల దగ్గరే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను సున్నా కాబట్టి పన్ను కోయొద్దని 15హెచ్ ఫారం ఇవ్వొచ్చు. రెండు చోట్లా విడివిడిగా, ఏటా ఏప్రిల్‌లో ఇవ్వాలి. ఒక ఏడాది మరిచిపోతే కోసింది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవడమే.

అనంతపురం పొదుపరి, జూలై 1

18న స్టేట్ బ్యాంకులో పదేసి లక్షలకు మూడు ఖాతాలు తెరిచాం. 8 లక్షలకు బాండ్లు, మిగతా 4 లక్షలు ఎఫ్‌డీ. నిన్న ప్రకటన వచ్చింది, రేట్లేవీ మారలేదు. ఎన్ఎస్సీ 7.7, స్కీమ్ 8.2 అలాగే ఉన్నాయి.

కడప లెక్కలు, జూలై 1

అయితే బాండుకు డిసెంబర్ 31 దాకా 8.05. స్కీమ్‌లో జూన్ 18 నుంచి 30 దాకా ముక్క వడ్డీ ఈ ఒకటి రెండు రోజుల్లో పడాలి, మూడు ఖాతాల పాస్‌బుక్కులూ చూసుకోండి. బాండుకు కూడా కొన్న రోజు నుంచి జూన్ 30 దాకా ఉంటుంది. బాండ్ లెడ్జర్ ఖాతా సర్టిఫికెట్ (బాండ్లు మీ పేరున ఉన్నట్టు ఇచ్చే పత్రం) ఇంకా రాకపోతే బ్రాంచిలో అడగండి. అందులో పేరు, నామినీ, వడ్డీ జమయ్యే ఖాతా నంబరు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూసుకోండి.