జేబు టార్చి: ఏఏ సెల్లుదా, 18650దా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
చొక్కా జేబులో పట్టే టార్చి కావాలి. ఏఏ (పెన్సిల్) సెల్లుదా, 18650 అనే లావుపాటి లిథియం రీచార్జి సెల్లుదా? కరెంటు పోతే ఇంట్లోకి, రాత్రి గట్టు మీద పాము కనబడేంత వెలుగు. పెట్టె మీద వెయ్యి ల్యూమెన్లని (వెలుగు కొలత) రాసినవి తీసుకోవచ్చా?

రాయగడ నుంచి జవాబు:
ఆ వెయ్యి కాసేపటి ముచ్చటేనండీ. బుల్లి టార్చి వేడెక్కగానే లోపలి సర్క్యూటే వెలుగు తగ్గించేస్తుంది. వెలుగు మెట్లలో మధ్యది చూసి కొనండి: 100 ల్యూమెన్లు గంటన్నరైనా నిలవాలి. ఇంట్లోకి 5-10 చాలు. 18650 సెల్లే 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు, దాంతో చొక్కా జేబు వేలాడిపోతుంది. ఏఏ అయితే 14, 50. పైగా కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

గుణుపురం నుంచి జవాబు:
వాడి పారేసే ఆల్కలైన్ ఏఏ సెల్లు నెలల తరబడి లోపలే ఉంచేస్తే కారి, స్ప్రింగుని తినేస్తుంది. 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లు వెయ్యండి. 14500 లిథియం సెల్లూ ఏఏ సైజే గానీ 3.7 వోల్టులు! టార్చి కాగితంలో సరేనని రాసుంటే తప్ప వెయ్యొద్దు, సర్క్యూట్ కాలిపోవచ్చు.

పర్లాకిమిడి:
జేబులో దానంతటదే వెలిగిపోతే?

గుణుపురం:
వెనక మూత పావు తిప్పు వదులు చెయ్యండి. మూత మరచుట్ల మీద కరెంటు పారని పూత ఉన్న రకాల్లో కరెంటు తెగిపోతుంది. ఆ మూత దగ్గర రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, ఎండిపోయిందంటే వానకి నీళ్లు దిగుతాయి.

కోరాపుట్ నుంచి:
పొగమంచులో అయితే టార్చిని కంటి దగ్గర పెట్టకండి. నడుము ఎత్తున పట్టుకుంటే వెలుగు మొహం మీదికి తిరిగి కొట్టడం తగ్గుతుంది.