లె మాన్ 24 గంటల రేసు: ఒకే కారును మొదటి నుంచి చివరిదాకా వెంబడించేదెలా?

కృష్ణలంక_క్లచ్:
ఫార్ములా వన్ అయితే అర్థమవుతుంది కానీ లె మాన్‌లో 62 కార్లు, మూడు క్లాసులు. ఫెరారీ టీమ్‌లో ఒక కారును ఎంచుకుని 24 గంటలూ ఫాలో అవ్వాలంటే స్క్రీన్ మీద ఏం చూడాలి? పొజిషన్ చూస్తే ప్రతి పది నిమిషాలకీ మారిపోతోంది. నిజంగా ముందున్నది ఎవరో ఎలా తెలుస్తుంది? ఎప్పుడు పడుకోవచ్చో కూడా చెప్పండి.

పిట్‌గోడ:
ముందు టైము సంగతి. ఈ మధ్య ఏళ్లలో రేసు ఫ్రాన్స్ టైము ప్రకారం శనివారం సాయంత్రం 4కి మొదలవుతోంది, అంటే మనకు రాత్రి 7:30. ముగిసేది ఆదివారం రాత్రి 7:30. జూన్ మధ్యలో అక్కడ పొద్దు గూకేది దాదాపు రాత్రి పదింటికి, తెల్లవారేది ఆరింటికి. కాబట్టి లె మాన్ చీకటి మనకు 1:30 నుంచి పొద్దున 9:30 వరకు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకైతే హాయి, శనివారం పొద్దున 9కే మొదలు.

మొదటి మూడు గంటలు వదలొద్దు. మీ కారు స్టింట్ (ఒక పిట్ స్టాప్ నుంచి తర్వాతి దాకా నడిచే వంతు) ఎన్ని ల్యాప్‌లు, ఇంధనం, టైర్ల కోసం పిట్‌లో ఆగే స్టాప్‌కి ఎంత టైము పడుతోంది అన్న కొలతలు అప్పుడే దొరుకుతాయి. రాత్రి 11 నుంచి 5 దాకా పడుకోండి. ఆదివారం మధ్యాహ్నం 3:30 తర్వాత మాత్రం ఇంట్లో ఎవరు పిలిచినా లేవకూడదు.

స్లిక్‌టైర్_సీతయ్య:
పొజిషన్ కాలమ్‌ని నమ్మకండి. లైవ్ టైమింగ్ పేజీలో మీకు కావలసినవి నాలుగే: ల్యాప్‌ల సంఖ్య, ఆఖరి ల్యాప్ టైము, పిట్ స్టాప్‌ల సంఖ్య, కారులో ఉన్న డ్రైవర్ పేరు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి స్టాప్‌కి ఒక వరస రాయండి: ఏ ల్యాప్‌లో లోపలికి వచ్చాడు, పిట్‌లో ఎంతసేపు, టైర్లు మార్చారా, డ్రైవర్ మారాడా. మీ కారుకి ఒక పేజీ, దాని అసలు పోటీదారుకి ఇంకో పేజీ. అంతకు మించి రాయబోతే ఓపిక చాలదు.

హైపర్‌కార్ క్లాసులో, అంటే అన్నిటికంటే వేగమైన పై క్లాసులో, పెట్రోలు లెక్క కాదు, శక్తి లెక్క. డ్రైవ్‌షాఫ్ట్‌ల మీద టార్క్ సెన్సర్లు ఉంటాయి. ఒక స్టింట్‌లో చక్రాలకు ఎంత శక్తి చేరవచ్చో ముందే పరిమితి పెడతారు. అది అయిపోతే ట్యాంకులో పెట్రోలు ఉన్నా పిట్‌కి రావాల్సిందే. టీవీలో అప్పుడప్పుడు కనిపించే శాతం ఇదే. ట్రాక్ 13.626 కిలోమీటర్లు, రేసులో హైపర్‌కార్ ల్యాప్ సుమారు 3 నిమిషాల 30 సెకన్లు, స్టింట్ సుమారు 12 ల్యాప్‌లు. అంటే ల్యాప్‌కి 8.3 శాతం ఖర్చు, 42 నిమిషాలకొక స్టాప్.

ఇక్కడే కిటుకంతా. ఎవరైనా 13 ల్యాప్‌లు లాగితే ల్యాప్‌కి 7.7 శాతంతో సరిపెట్టుకున్నట్టు. ములసాన్ స్ట్రెయిట్ చివర, ఇండియానాపొలిస్ అనే మలుపు ముందు బ్రేక్ కంటే ముందే కాలు తీసేసి కారును జారనిస్తారు. ల్యాప్ టైము కొంచెం పెరుగుతుంది. నెమ్మదించాడని కంగారు పడొద్దు, ఒక స్టాప్ మిగుల్చుకునే పనిలో ఉన్నాడేమో చూడండి.

టార్క్_తాతారావు:
పిట్ స్టాప్ చదవడం గురించి రెండు ముక్కలు. ముందు ఇంధనం, అది పూర్తయ్యాకే టైర్లు. ఇంధనం పోసేటప్పుడు ఇంజిన్ ఆపేయాలి. డ్రైవర్ మార్పు మాత్రం ఆ సమయంలోనే చేసేయొచ్చు కాబట్టి మామూలుగా దానికి అదనపు టైము పడదు. అందుకే మొదటి రెండు స్టాప్‌లలో 'ఇంధనం మాత్రమే' స్టాప్ ఎంతసేపో కొలిచి పెట్టుకోండి. ఆ తర్వాత ఏ స్టాప్ అయినా అంతకంటే పొడుగైతే టైర్లు మార్చారు. దానికంటే బాగా పొడుగైతే ఏదో తేడా కొట్టింది.

ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కాబట్టి ఎడమవైపు టైర్లు ముందు అరుగుతాయి. ఎడమవి రెండే మార్చి పంపడం కూడా ఉంటుంది. ఒకే సెట్ మీద రెండు, మూడు స్టింట్లు నడపడం ఇక్కడ మామూలే. 2024 నుంచి ఇక్కడ టైర్లను ముందే వేడెక్కించే టైర్ వార్మర్లు లేవు, కొత్త టైర్లు చల్లగా వెళ్తాయి. పిట్ నుంచి బయటికొచ్చిన మొదటి ల్యాప్‌లో పదుల సెకన్లు కాకపోయినా బోలెడు పోతుంది, జారి గోడకు కొట్టుకునే ప్రమాదం కూడా అప్పుడే. రాత్రి చల్లబడ్డాక ఇంకా ఎక్కువ. 'పాత టైర్లతో ఎందుకు పంపారు' అని తిట్టుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

రేడియో_రాత్రి:
డ్రైవర్ కాలమ్‌ని తక్కువ చేయకండి. ఏ డ్రైవరూ ఏ 6 గంటల్లోనూ 4 గంటలకు మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. టీమ్‌లో వేగమైన వాణ్ని చివరి గంటలకు దాచుకుంటారు. ఆదివారం పొద్దున వాడు కారులోంచి దిగి నిద్రపోతున్నాడంటే ఎత్తు వేస్తున్నట్టే.

ఇంకో మాట. కెమెరా ఎప్పుడూ మీ కారు వెంట ఉండదు. అధికారిక యాప్‌లో ఆన్‌బోర్డ్ ఉంటే సరే, లేకపోతే రేడియో లె మాన్ ఆడియో చెవిలో, టైమింగ్ పేజీ కళ్ల ముందు. టీవీ కంటే ఈ జత మేలు. కార్ల పక్కన వెలిగే మూడు చిన్న లైట్లు క్లాసులో ఒకటి, రెండు, మూడు స్థానాలవి. రాత్రిపూట అవే దిక్కు.

కృష్ణలంక_క్లచ్:
బాగుంది. మరి సేఫ్టీ కారు (ప్రమాదం జరిగితే అందరినీ తన వెనక నెమ్మదిగా నడిపించే కారు) వస్తే ఈ నోట్‌బుక్ అంతా చెత్తబుట్టకేనా?

పిట్‌గోడ:
సగం. స్లో జోన్ అయితే ఫర్వాలేదు, ట్రాక్‌లో ఆ ముక్కలో మాత్రమే 80 కిలోమీటర్ల వేగం. ఇద్దరూ దాదాపు అన్నే సార్లు దాటుతారు. ఒకరికి ఒకసారి ఎక్కువ పడితే అదే తేడా.

సేఫ్టీ కారు వేరు. ట్రాక్ పొడుగు కాబట్టి మూడు సేఫ్టీ కార్లు బయల్దేరతాయి. 2023 నుంచి ఆ మూడు వరసలనీ ఒకే వరసగా కలిపి, క్లాసుల వారీగా సర్ది, ఆ తర్వాతే వదులుతున్నారు. నిమిషంన్నర ఆధిక్యం గాల్లో కలిసిపోతుంది. అటువైపు ల్యాప్ వెనకబడ్డ కారుకి తిరిగి ల్యాప్ దక్కవచ్చు. కాబట్టి రాత్రి ఒక ల్యాప్ పోయిందని మీ కారును వదిలేయకండి.

స్లిక్‌టైర్_సీతయ్య:
సేఫ్టీ కారు వెనక శక్తి ఖర్చు చాలా తక్కువ, కాబట్టి '12 ల్యాప్‌లు' అన్న కొలత ఆ స్టింట్‌కి పనికిరాదు. తర్వాతి స్టాప్ నుంచి మళ్లీ మొదలు పెట్టండి. కానీ డ్రైవర్ గంటలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. 2024లో రాత్రి వానకి నాలుగు గంటలకు పైగా సేఫ్టీ కారు వెనకే తిరిగారు. ఆ ఏడు గెలిచిన కారు 311 ల్యాప్‌లు, 2025లో గెలిచినది 387. తేడా 76 ల్యాప్‌లు. పాత ఏడాది ల్యాప్‌ల సంఖ్య పట్టుకుని ఈసారి ఎన్ని స్టాప్‌లు పడతాయో లెక్కేస్తే తప్పు ఎక్కడ వస్తుందో అర్థమైంది కదా.

టార్క్_తాతారావు:
ఫెరారీనే ఎంచుకున్నారు కాబట్టి ఏం తేడా కొట్టొచ్చో వాళ్ల చరిత్రలోంచే చూద్దాం. 2023లో 50వ నంబర్ కారు రేడియేటర్‌కి రాయి తగిలి రిపేరులో ల్యాప్‌లు పోగొట్టుకుంది. గెలిచిన 51 కూడా చివరి స్టాప్‌లో వెంటనే స్టార్ట్ కాలేదు. సిస్టమ్ మొత్తం ఆఫ్ చేసి ఆన్ చేయాల్సి వచ్చింది. 2024లో పసుపు రంగు 83 చాలాసేపు ముందు నడిచి, హైబ్రిడ్ సమస్యతో ఆగిపోయింది.

అదే ఏడు 50కి కుడి తలుపు తెరుచుకుపోయింది. నల్ల జెండా మీద నారింజ చుక్క చూపించారు. దాని అర్థం కారులో ప్రమాదకరమైన లోపం ఉంది, పిట్‌కి వచ్చి సరిచేసుకో అని. తలుపు మూయడానికి పట్టింది కొద్దిసేపే, అసలు నష్టం స్టాప్‌ల వరస తప్పడం. దానివల్ల డ్రైవర్ నీల్సన్ చివర్లో శక్తి పొదుపు చేసుకుంటూ నడపాల్సి వచ్చింది. గెలిచి గీత దాటేసరికి మిగిలింది 2 శాతం. రెండో స్థానంలో ఉన్న టొయోటాతో తేడా 14.221 సెకన్లు. ఆ టొయోటా 7 గ్రిడ్‌లో 23వ స్థానం నుంచి వచ్చిందన్నది మర్చిపోకూడదు. దాని డ్రైవర్ లోపెజ్ చివర్లో స్పిన్ అవ్వకపోతే కథ ఇంకోలా ఉండేదేమో.

లక్షణాన్ని బట్టి రోగం పట్టడం ఇలా. మీ కారు స్టింట్లు ఉన్నట్టుండి 12 నుంచి అయిదారుకి పడిపోతే ఇంధన సరఫరా అనుమానించండి. 2021లో టొయోటాలకు అదే జరిగింది. ప్రతి ల్యాప్‌లో బ్రేక్ వేసే చోట్ల స్విచ్‌లు ఆన్ ఆఫ్ చేస్తూ నెట్టుకొచ్చారు, అయినా మొదటి రెండు స్థానాలు వాళ్లవే. ల్యాప్ టైమును మూడు సెక్టార్లుగా, అంటే మూడు ముక్కలుగా చూపిస్తారు. రెండో సెక్టార్ మాత్రమే నెమ్మదిస్తే అందులో ఎక్కువ భాగం స్ట్రెయిటే కాబట్టి ఇంజిన్, హైబ్రిడ్ వైపు చూడండి. మూడో సెక్టార్ మాత్రమే పోతే పోర్షే కర్వ్స్ అనే మలుపుల్లో పట్టు తగ్గినట్టు, అంటే టైర్లు లేదా బాడీవర్క్ దెబ్బతింది. అన్ని సెక్టార్లూ సమానంగా తగ్గితే సాధారణంగా పొదుపే.

రేడియో_రాత్రి:
ఒక సవరణ. అన్నిటికీ లక్షణం ముందే కనిపించదు. 2016లో టొయోటా 5 ఆఖరి నిమిషాల్లో ఆగిపోయింది. టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి గొట్టం కనెక్టర్ పోయింది. అంతకుముందు దాకా టైమింగ్ పేజీలో అంతా బాగానే ఉంది.

జెండా ఊపాక కూడా అయిపోయినట్టు కాదు. 2025లో ఫెరారీ 50 నాలుగో స్థానంలో ముగించి, వెనక వింగ్ సపోర్ట్‌లో బోల్టులు లేవని తనిఖీలో తేలడంతో లెక్కలోంచి పోయింది. అదే ఏడు గెలిచినది 83: కుబిత్సా, యే, హాన్సన్. మీ కారు ఏ స్థానమో సోమవారం పొద్దున మళ్లీ చూసుకోండి.

బ్రాంజ్_బాబాయ్:
అందరూ హైపర్‌కార్ గురించే మాట్లాడుతున్నారు. ఎల్‌ఎంజీటీ3 (రోడ్డు కార్ల ఆధారంగా చేసిన జీటీ కార్ల క్లాసు) టీమ్‌ను ఫాలో అయ్యేవాళ్లకి సూత్రం వేరు. ప్రతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవర్, అంటే వృత్తిరీత్యా రేసర్ కాని వ్యక్తి ఉండాలి. ఆయన కనీసం 6 గంటలు నడపాలి. ఆరో గంటకి మీ కారు క్లాసులో పన్నెండో స్థానంలో ఉందని దిగులుపడే ముందు బ్రాంజ్ గంటలు ఎన్ని అయ్యాయో చూడండి. ఆయన వంతు ముందే పూర్తిచేసిన కారు వెనకున్నా బలంగా ఉన్నట్టే. ఇంకా మూడు గంటలు బాకీ ఉన్న కారు ముందున్నా అది అప్పు మీద ముందున్నట్టు.

రెండో తేడా బ్రేకులు. హైపర్‌కార్లు ఒకే సెట్‌తో నెట్టుకురాగలవు కానీ జీటీ కార్లకు మధ్యలో మార్చాల్సి రావచ్చు. ఆదివారం పొద్దున ఒక స్టాప్ మరీ పొడుగ్గా కనిపిస్తే యాక్సిడెంట్ అనుకోకండి. ఆ పని ముందే చేసుకున్నదెవరో, ఇంకా చేయాల్సినదెవరో నోట్‌బుక్‌లో ఒక మూల రాసుకోండి.

దుబాయ్_గేర్:
ఇదే నోట్‌బుక్ పట్టుకుని దుబాయ్ 24 గంటల రేసుకి వస్తే బోల్తా పడతారు. 2025 జనవరిలో అజిత్ కుమార్ టీమ్ కోసం మనవాళ్లు చాలామంది ఆ రేసు చూశారు (సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి కాబట్టి మన లెక్కే అనుకోండి). 901 నంబర్ పోర్షే 992 క్లాసులో మూడో స్థానం. అక్కడ ఇంధనం సొంత పిట్ ముందు పోయరు. అందరికీ కలిపి ఒకచోట బంకు ఉంటుంది, క్యూ కట్టాలి. కాబట్టి స్టాప్ టైముని బట్టి టైర్లు మార్చారో లేదో చెప్పలేం. ప్రమాదం జరిగితే కోడ్ 60, ట్రాక్ అంతా గంటకు 60 కిలోమీటర్లు. కోడ్ 60 పడగానే సగం కార్లు బంకుకి పరిగెడతాయి, తెలివైన టీమ్ ఆ క్యూ చూసి ఆగుతుంది. ఒక సుఖం ఏమిటంటే రేసు మొత్తం యూట్యూబ్‌లో ఉచితం.

కృష్ణలంక_క్లచ్:
ఆఖరి ప్రశ్న. గంటన్నర మిగిలింది, మా కారు ఇప్పుడే నిండుగా పిట్ నుంచి బయటికొచ్చింది, పోటీదారు 40 సెకన్లు ముందున్నాడు కానీ వాడికి ఇంకా మూడు ల్యాప్‌ల శక్తే ఉంది. ఎవరు ముందు?

స్లిక్‌టైర్_సీతయ్య:
లెక్క వేద్దాం. 90 నిమిషాలు, ల్యాప్ 3:30, అంటే దాదాపు 26 ల్యాప్‌లు. మీ కారు 12 దగ్గర ఒకసారి వస్తుంది, 24 దగ్గర మిగిలిన రెండు ల్యాప్‌లకి కొంచెం పోయించుకోవడానికి ఇంకోసారి. మొత్తం పోయాల్సింది 117 శాతం. వాడు 3 దగ్గర వస్తాడు, 15 దగ్గర మళ్లీ వస్తాడు. వాడికి 23 ల్యాప్‌లకి కావాలి, అంటే 192 శాతం. స్టాప్‌లు ఇద్దరికీ రెండే, కానీ వాడు 75 శాతం ఎక్కువ పోయించుకోవాలి. మొదటి మూడు గంటల్లో కొలిచిన 'ఇంధనం మాత్రమే' స్టాప్‌లో నిండుగా పోయడానికి పట్టిన టైములో ముప్పావు తీసుకోండి. అది ఆ 40 సెకన్ల లోంచి తీసేస్తే నిజమైన తేడా.

ఇక మీవాడు ల్యాప్‌కి 7.7 శాతంతో సర్దుకుని 13, 13గా లాగితే రెండో స్టాప్ మొత్తం ఎగిరిపోతుంది. పిట్ లేన్‌లో 60 కిలోమీటర్ల వేగంతో పోయే టైము కూడా కలిసొస్తుంది. ఇప్పటినుంచి మీవాడి ల్యాప్ టైము ఒకటి రెండు సెకన్లు పెరిగిందంటే ఆ ప్రయత్నంలో ఉన్నట్టే. పెరగకపోతే నేరుగా వాణ్ని పట్టుకోవడానికి వెళ్తున్నాడు.

పిట్‌గోడ:
ఆ 26 దగ్గర ఒక జాగ్రత్త. 24 గంటలు పూర్తయ్యాక లీడర్ గీత దాటితేనే రేసు ముగుస్తుంది. పది సెకన్లు మిగిలి ఉండగా దాటాడా, ఇంకో 13.6 కిలోమీటర్లు తిరగాల్సిందే. కాబట్టి 27కి కూడా ఒకసారి వేసి చూసుకోండి.