శాంటా ఆడపేరు కదా, క్రిస్మస్ తాతకెలా వచ్చింది?

ప్రశ్న: మా అన్నయ్యవాళ్లు ఉండేది కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో. ఆ ఊరి పేరు క్లారా అనే పునీతురాలిదట. శాంటా మరియా, శాంటా బార్బరా కూడా ఆడవాళ్లే. స్పానిష్‌లో మగవాళ్లయితే 'శాన్' అనాలి కదండీ, శాన్ ఫ్రాన్సిస్కోలాగా. మరి ఇంత గడ్డమున్న మనిషి శాంటా ఎలా అయ్యాడు?

జవాబు: మంచి సందేహమండీ. ఈ శాంటా స్పానిష్ కాదు, డచ్చి మాట. నాలుగో శతాబ్దంలో మైరాలో, అంటే ఇప్పటి టర్కీలోని దెమ్రెలో, నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. డచ్చివాళ్లు ఆయన్ని 'సింటర్‌క్లాస్' అన్నారు. 'సింట్' అంటే పునీతుడు. 'నికొలాస్'లో మొదలు ఎగిరిపోయి 'క్లాస్' మిగిలింది, మనవాళ్లు సుబ్రహ్మణ్యాన్ని మణి చేసినట్టు. న్యూయార్క్ డచ్చివాళ్ల పాత వలస. అక్కడ ఇంగ్లిష్ నోళ్లలో నానాక శాంటా క్లాజ్ అయింది. 1773 నాటి న్యూయార్క్ పత్రికలో 'సెయింట్ ఎ క్లాస్' అని కనిపిస్తుంది. స్పానిష్ శాంటాకీ దీనికీ మూలం లాటిన్ 'సాంక్టుస్', అంతవరకే చుట్టరికం.

అసలు తమాషా శాంటా రెండో పేరు క్రిస్ క్రింగిల్‌ది. 16వ శతాబ్దంలో కేథలిక్కుల నుంచి విడిపోయిన జర్మనీ ప్రొటెస్టెంట్లకి పునీతుల పూజ గిట్టలేదు. అప్పటిదాకా పిల్లలకి కానుకలు డిసెంబర్ 6న, నికొలస్ పండగనాడు వచ్చేవి. వాటిని క్రిస్మస్‌కి జరిపి, పంచే పని బాలయేసుకి అప్పగించారు. బాలయేసు అంటే జర్మన్‌లో 'క్రిస్ట్‌కిండ్', ముద్దుగా 'క్రిస్ట్‌కిండ్ల్'. పెన్సిల్వేనియాకి వలసవెళ్లిన జర్మన్లతో ఈ మాట అమెరికా చేరింది. పక్కింటి ఇంగ్లిష్‌వాళ్లకి అది క్రిస్ క్రింగిల్‌గా వినబడింది. 1840లలో ఫిలడెల్ఫియాలో ఆ పేరుతో పిల్లల పుస్తకాలు అచ్చయ్యేనాటికి అందులో బాలుడు లేడు, కానుకల ముసలాయనే ఉన్నాడు. ఎవర్ని తప్పించడానికి ఆ పేరు తెచ్చారో చివరికి ఆయనకే అంటుకుంది!

మరో సభ్యురాలు: మేం ఉండేది జర్మనీలో. న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంతని ప్రారంభించే క్రిస్ట్‌కిండ్ ఒక అమ్మాయి. బంగారు జుట్టు, కిరీటం. రెండేళ్లకోసారి కొత్త అమ్మాయిని ఎన్నుకుంటారు. బాలయేసు వేషం అమ్మాయికెందుకు?

జవాబు: జర్మన్‌లో 'కిండ్' నపుంసకలింగమండీ. మనమూ మగబిడ్డయినా 'బిడ్డ ఏడుస్తోంది' అనే అంటాం కదా. ఆ మాటలో అబ్బాయో అమ్మాయో తేలదు. వ్యాకరణమే కారణమని నేననను గానీ, అడ్డు మాత్రం పడలేదు. ఇంకో విడ్డూరం, ప్రొటెస్టెంట్లు తెచ్చిన ఈ క్రిస్ట్‌కిండ్‌కి ఇప్పుడు ఆదరణ ఎక్కువగా ఉన్నది కేథలిక్కుల దక్షిణ జర్మనీలో, అంటే బవేరియాలో, ఇంకా ఆస్ట్రియాలో. ప్రొటెస్టెంట్ల ఉత్తర జర్మనీలో కానుకలు తెచ్చేది గడ్డం తాతే.

ఇంకొకరు: మెల్‌బోర్న్‌లో మా ఆఫీసులో చీటీలు తీసి, ఎవరిచ్చారో చెప్పకుండా కానుకలు ఇచ్చుకుంటాం. మీరు సీక్రెట్ శాంటా అంటారే, అదే. ఇక్కడ దాని పేరు క్రిస్ క్రింగిల్, పొడి అక్షరాల్లో కేకే. ఏదో కంపెనీ పేరనుకున్నా ఇన్నాళ్లూ!

జవాబు: బాలయేసు కాస్తా కేకే అయ్యాడా, భలే! చీటీలో మీకెవరొచ్చారో మాత్రం ఇక్కడ చెప్పేయకండి, మీ ఆఫీసువాళ్లు ఎవరైనా గుంపులో ఉండొచ్చు.